ముందు పన్ను మూల విరిగింది: బాండింగ్ సరిపోతుందా, వెనీర్లు వేయించాలా?

కాకినాడ అక్క

అందరికీ నమస్తే. మా చెల్లి పన్ను గురించి సలహా కావాలి. పోస్టు కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

చెల్లికి 23 ఏళ్లు. ఆరో తరగతిలో ఉన్నప్పుడు స్కూల్ మెట్ల మీద బోర్లా పడి పై వరసలో ముందు పన్ను మూల విరిగింది. అప్పట్లో పన్ను నొప్పి లేదు, రక్తం కూడా పెదవి నుంచే వచ్చింది, తగ్గిపోయిందిలే అని ఇంట్లో వదిలేశారు. విరిగింది మహా అయితే రెండు మిల్లీమీటర్లు ఉంటుంది. కానీ ముందు పన్ను కదా, నోరు తెరిస్తే ముందు అదే కనిపిస్తుంది. దానికి తోడు రెండు ముందు పళ్ల మధ్య సన్నటి సందు ఉంది. సందుపళ్లు అదృష్టం అని అమ్మమ్మ అంటూ ఉంటుంది, చెల్లికి ఆ మాట వింటేనే కోపం. ఫొటో తీస్తుంటే పెదాలు బిగించేస్తుంది, నవ్వు వస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. ఇన్నేళ్లలో తను మనస్ఫూర్తిగా నవ్విన ఫొటో మా ఇంట్లో ఒక్కటి కూడా లేదంటే నమ్మండి.

ఇప్పుడు సంబంధాలు చూస్తున్నారు, తనే పన్ను బాగు చేయించుకుంటానని అడిగింది. (పెళ్లి కోసం కాదు, నా కోసం అని కచ్చితంగా చెప్పింది, నేను కూడా అదే అంటాను.) రెండు చోట్ల చూపించాం. మొదటి క్లినిక్‌లో పై ఆరు పళ్లకీ వెనీర్లు (పళ్ల ముందు అతికించే పలుచటి రేకులు) వేస్తే వరస మొత్తం ఒకేలా తెల్లగా ఉంటుంది, రెండు మూడు సిట్టింగుల్లో అయిపోతుంది, పన్నుకి 12 వేలు అన్నారు. రెండో చోట డాక్టర్ గారు అంత అవసరం లేదు, కాంపోజిట్ బాండింగ్ (విరిగిన చోట పన్ను రంగు ముద్ద అతికించి ఆకారం తేవడం) చేస్తే గంటలో అవుతుంది, పన్నుకి 3 వేలు, కాకపోతే కొన్నేళ్లకి మళ్లీ చేయించుకోవాల్సి వస్తుంది అన్నారు. నాన్న ఏమో ఖర్చైనా పర్వాలేదు, పర్మనెంట్‌గా ఉండేది చేయిద్దాం అంటున్నారు. ధరలో ఇంత తేడా ఉంటే తక్కువదాని మీద అనుమానం వస్తుంది కదా.

బాండింగ్ నిజంగా నిలబడుతుందా? రంగు మారిపోతుందా? చేసేటప్పుడు నొప్పి ఉంటుందా, పన్ను అరగదీస్తారా? చేయించుకున్నవాళ్లు, డెంటిస్టులు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి, మాకు చాలా టెన్షన్‌గా ఉంది.

బెజవాడ డెంటిస్ట్

నేను కన్సర్వేటివ్ డెంటిస్ట్రీలో (ఉన్న పన్నుని కాపాడి బాగుచేసే విభాగం) ఎండీఎస్, అంటే డెంటల్ పీజీ చేశానండి, రోజూ చేసే పని ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. నోరు చూడకుండా ఇదే చేయించండి అని ఎవరూ చెప్పకూడదు, నేను కూడా చెప్పను. అయినా మీరు రాసినదాన్ని బట్టి ఒక్క మాట మాత్రం గట్టిగా అంటాను. ఒక పన్ను మూల విరిగిందని 23 ఏళ్ల అమ్మాయికి ఆరు పళ్లు అరగదీయడానికి మాత్రం ఒప్పుకోకండి.

వెనీర్ అంటే పన్ను ముందు వైపు అతికించే పలుచటి పింగాణీ రేకు. అది ఉబ్బెత్తుగా కనిపించకుండా కూర్చోవాలంటే చాలామందికి ఎనామిల్‌ని, అంటే పన్ను పైనుండే గట్టి పొరని, అర మిల్లీమీటరు దాకా తీయాల్సి వస్తుంది. ఎనామిల్ మళ్లీ పెరగదు. ఒకసారి తీసేశాక ఆ పన్ను జీవితాంతం ఏదో ఒక తొడుగుతోనే ఉండాలి. మంచి వెనీర్ 10, 15 ఏళ్లు వస్తుంది, ఇంకా ఎక్కువ వచ్చినవీ ఉన్నాయి, కానీ ఏదో ఒక రోజు మార్చాల్సిందే. మీ చెల్లి వయసులో మొదలుపెడితే ఎన్నిసార్లు మార్చాలో లెక్కేసుకోండి. కాబట్టి నాన్నగారు అనుకుంటున్న పర్మనెంట్ అనేది ఇందులో లేదండి. అక్కడ పర్మనెంట్‌గా జరిగేది పన్ను అరిగిపోవడం ఒక్కటే. వెనీర్లు చెడ్డవని నేను అనడం లేదు, అవసరమైన కేసుల్లో నేనూ వేస్తాను. బాగున్న ఐదు పళ్లని ఒక పన్ను కోసం ఎందుకు ముట్టుకోవాలి అన్నదే నా ప్రశ్న.

ఇక బాండింగ్. ఇందులో వాడేది కాంపోజిట్, అంటే రెజిన్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థంలో సన్నటి గాజు, సిలికా రేణువులు కలిపిన ముద్ద. ముందు పన్నుని శుభ్రం చేసి, పన్ను తడిగా ఉన్నప్పుడే షేడ్ చూస్తారు. (ఇది ముఖ్యం. పన్ను ఆరిపోతే ఉన్నదానికంటే తెల్లగా కనిపిస్తుంది, అప్పుడు షేడ్ ఎంచితే రెండు రోజుల తర్వాత తేడా తెలిసిపోతుంది.) తర్వాత విరిగిన అంచుని కొద్దిగా ఏటవాలుగా సరిచేసి, 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్ పదిహేను, ముప్పై సెకన్ల మధ్య ఉంచి కడిగేస్తారు. యాసిడ్ పేరు విని భయపడకండి, అది ఎనామిల్ మీద కంటికి కనపడనంత సన్నటి గరుకుదనం తెస్తుంది. నున్నటి పాత గోడకి కొత్త ప్లాస్టరింగ్ చేసే ముందు మేస్త్రీ గాట్లు పెడతాడు చూడండి, అలాంటిదే. ఆ గరుకులోకి బాండింగ్ ద్రవం దిగి, నీలి లైటు వేయగానే గట్టిపడి పట్టేసుకుంటుంది. దాని మీద కాంపోజిట్‌ని రెండు మిల్లీమీటర్లకు మించకుండా పొరలు పొరలుగా పెడుతూ, ప్రతి పొరకీ లైటు వేస్తూ పన్ను ఆకారం తెస్తారు. చివర్లో డిస్కులతో సరిచేసి పాలిష్ చేస్తారు. ఎనామిల్ వరకే విరిగి ఉంటే మత్తు ఇంజెక్షన్ కూడా చాలామందికి అవసరం పడదు.

ధర తక్కువ కాబట్టి ఇది నాసిరకం అనుకోవద్దు. యాసిడ్‌తో ఎనామిల్‌ని సిద్ధం చేస్తే రెజిన్ అతుక్కుంటుందని మైఖేల్ బ్యూనకోర్ అనే అమెరికన్ డెంటిస్ట్ 1955లో చూపించాడు. లోహాల మీద పెయింట్ బాగా పట్టడానికి ఫ్యాక్టరీల్లో ఫాస్ఫారిక్ యాసిడ్ వాడుతున్నారని తెలిసి పళ్ల మీద ప్రయత్నించాడు. ఈరోజు వెనీర్ అతికించేది కూడా అదే సూత్రంతోనే. ధర తగ్గేది ల్యాబ్ ఖర్చు లేకపోవడం వల్ల. అంతా డాక్టర్ చేత్తో, కుర్చీలోనే జరుగుతుంది. అందుకే ఫలితం కూడా ఆ చేతిని బట్టే ఉంటుంది, డాక్టర్‌ని ఎంచుకునేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. మీ పోస్టులో నన్ను ఆలోచనలో పడేసింది విరిగిన మూల కాదు, పదేళ్ల క్రితం దెబ్బ తగిలిందన్న మాట. చిన్నప్పుడు దెబ్బ తగిలిన ముందు పన్నులో నరం ఒక్కోసారి ఏ నొప్పీ లేకుండా నెమ్మదిగా చచ్చిపోతుంది. పైకి ఏమీ తెలియదు. ఏళ్ల తర్వాత పన్ను బూడిద రంగుకి తిరుగుతుంది, లేదా వేరు చివర చీము పడుతుంది. అందుకని బాండింగ్ అయినా ఇంకేదైనా మొదలుపెట్టే ముందు ఆ పన్నుకి చిన్న ఎక్స్-రే తీయించండి, చల్లటిది తాకించి నరం బతికి ఉందో లేదో చూసే పరీక్ష చేయమని అడగండి. పెద్ద పనేం కాదు, అక్కడికక్కడే అయిపోతుంది. రెండు క్లినిక్‌లలో ఒక్కరైనా ఎక్స్-రే తీశారా?

ఇంకోటి, పళ్లు మూసినప్పుడు కింది పళ్లు ఆ మూలకి ఎలా తగులుతున్నాయో చూడాలి. రంగు కాగితం పెట్టి టకటకా కొరకమంటారు, అదే ఆ పరీక్ష. కింది పన్ను సరిగ్గా అంచు మీదే కొడుతుంటే ఎంత బాగా చేసిన బాండింగ్ అయినా ఊడుతుంది. రాత్రి నిద్రలో పళ్లు నూరే అలవాటు ఉందేమో కూడా కనుక్కోండి, ఆ సంగతి తనకి తెలియదు, పక్కన పడుకునేవాళ్లకే తెలుస్తుంది.

కాకినాడ అక్క

డాక్టర్ గారూ, చాలా థ్యాంక్స్ అండీ. మీరు అడిగాక గుర్తొచ్చింది, రెండు చోట్లా ఎక్స్-రే తీయలేదు. మొదటి చోట మాత్రం ఫోన్‌తో ఫొటో తీసి, కంప్యూటర్‌లో పళ్లు మార్చి చూపించారు. అది చూసే చెల్లి కూడా కొంచెం అటు మొగ్గింది. పళ్లు నూరుతుందా అంటే, చిన్నప్పుడు నూరేది, ఇప్పుడు తను హాస్టల్లో ఉంటుంది కాబట్టి రూమ్మేట్‌ని అడగాలి.

సందు సంగతి కూడా చెప్పండి ప్లీజ్. అది కూడా బాండింగ్‌తో మూసేయొచ్చా? క్లిప్పులు వేయించుకోమంటే తను ఒప్పుకోదు.

కనిగిరి కుర్రోడు

అక్కా, నాది వేరే సమస్యే కానీ చేయించుకున్నది బాండింగే కాబట్టి రాస్తున్నాను, మా వైపు వాళ్లు ఎవరైనా చదివితే పనికొస్తుంది.

మాది కనిగిరి దగ్గర పల్లెటూరు. మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. ఫ్లోరైడ్ అనగానే నల్గొండ అంటారు గానీ దర్శి, కనిగిరి, పొదిలి ప్రాంతాల్లో ఈ జబ్బు ఉందని 1937లోనే డాక్టర్లు రాశారు, అప్పుడు మా ఊళ్లన్నీ నెల్లూరు జిల్లా కింద ఉండేవి. నాతో చదువుకున్నవాళ్లలో చాలామందికి ముందు పళ్ల మీద గోధుమ రంగు మచ్చలు, అడ్డగీతలు ఉండేవి, నాకూ ఉండేవి. ఊళ్లో ఉన్నంతకాలం ఏమీ అనిపించలేదు, అందరివీ అలాగే ఉంటాయి కదా. హైదరాబాద్ వచ్చి ఉద్యోగం వెతుక్కునేటప్పుడు తెలిసింది. ఎదుటివాళ్ల చూపు పళ్ల మీదకే పోయేది, గుట్కా తింటావా అని ఇంటర్వ్యూకి వెళ్లిన చోట ఒకాయన మొహం మీదే అడిగాడు. నేను జీవితంలో వక్క కూడా నమలలేదు.

ఇది సరిగ్గా తోముకోకపోవడం వల్ల వచ్చేది కాదు. పాలపళ్లు ఊడకముందే, చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడే ఎనామిల్ పాడవుతుంది. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు, మా దగ్గర అంతకంటే చాలా ఎక్కువ ఉన్న బోర్లు ఉన్నాయి. పెద్దయ్యాక ఎన్ని మంచి నీళ్లు తాగినా వచ్చిన మచ్చ పోదు. అందుకే పిల్లలున్న ఇళ్లలో ఎనిమిదేళ్లు వచ్చేదాకా నీళ్ల విషయంలో అస్సలు రాజీ పడకండి, దయచేసి.

నాకు డెంటల్ కాలేజీ ఓపీలో చేశారు. ముందు మైక్రో అబ్రేషన్ అని యాసిడ్ కలిపిన పేస్టుతో పైపొర మచ్చని చాలా కొద్దిగా రుద్దారు. లేత మచ్చలు దాంతోనే తగ్గిపోయాయి. లోతుగా ఉన్న రెండు పళ్లకి మాత్రం కాంపోజిట్ వేశారు. ఫ్లోరైడ్ తగిలిన ఎనామిల్‌కి యాసిడ్ త్వరగా పట్టదు, మామూలు కంటే ఎక్కువసేపు ఉంచాలి అని పీజీ డాక్టర్ చెప్పారు, అలాగే చేశారు. నాకు ఇంతవరకు ఊడలేదు. ఖర్చు బయట క్లినిక్‌లతో పోలిస్తే చాలా తక్కువ, కాకపోతే సమయం పడుతుంది, స్టూడెంట్ చేస్తుంటే సార్ వచ్చి ప్రతి దశలో చూసి వెళ్తారు కాబట్టి సగం రోజు అక్కడే గడిచిపోతుంది. విజయవాడ, కడప, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీలు ఉన్నాయి. మీకు రాజమండ్రి వైపు ప్రైవేట్ డెంటల్ కాలేజీలు దగ్గర కదా, అక్కడా అడగొచ్చు.

డల్లాస్ వదిన

ఇక్కడ అమెరికాలో నాకు ముందు పన్ను బాండింగ్ చేసి చాలా ఏళ్లయింది, రెండుసార్లు పాలిష్, ఒకసారి చిన్న రిపేరు, అంతే. పన్నుకి 300 నుంచి 600 డాలర్ల మధ్య అడుగుతారు, ఊరిని బట్టి ఇంకా ఎక్కువ కూడా. ఇక్కడి మనవాళ్లకి పనికొచ్చే మాట ఒకటి చెబుతాను. దెబ్బ తగిలి మూల విరిగితే దాన్ని ఫిల్లింగ్ కిందే బిల్లు చేస్తారు, చాలా ఇన్సూరెన్స్ ప్లాన్లు అందులో కొంత భాగం కడతాయి. సందు మూయడానికి, అందం కోసం చేయించుకుంటే ఇన్సూరెన్స్ మామూలుగా ఇవ్వదు. కాబట్టి అపాయింట్‌మెంట్ అప్పుడే పన్ను ఎలా విరిగిందో స్పష్టంగా చెప్పి, ముందస్తు అంచనా రాయించుకోండి.

ఇండియా వచ్చినప్పుడు చేయించుకుందాం అనుకునేవాళ్లు తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు కూర్చోవద్దు. చేసిన తర్వాత కొరుకుడు కొంచెం ఎత్తుగా తగులుతోందనో, అంచు నాలుకకి గీసుకుంటోందనో తెలిసేది అన్నం తిన్నాకే. సరిచేయించుకోవడానికి ఒక వారం చేతిలో ఉండాలి.

కాకినాడ అక్కా, మీ చెల్లి నా కోసం అని చెప్పింది చూడండి, అది చదివి నాకు చాలా సంతోషం వేసింది. పెళ్లిచూపుల తొందరలో చేయించకండి, తనకి నచ్చినట్టు నిదానంగా చేయించండి.

హన్మకొండ సాయి

అందరూ బాండింగే బెస్ట్ అంటున్నారు, నేను కొంచెం అడ్డం మాట్లాడతాను. నాకు క్రికెట్ బాల్ తగిలి ముందు పన్ను విరిగింది, రూట్ కెనాల్ అయ్యింది, తర్వాత పన్ను నల్లబడింది. ఆ నలుపు మీద బాండింగ్ వేశారు. మొదట బాగానే అనిపించింది, కానీ ఎండలో నిలబడితే లోపలి నలుపు నీడలాగా బయటికి కనిపించేది. ఇంకో పొర వేస్తే పన్ను లావుగా అయింది, పై పెదవికి తగిలేది. చివరికి అదంతా తీయించి క్యాప్ వేయించుకున్నాను, ఇప్పుడు ఏ బాధా లేదు. కాబట్టి అన్నిటికీ బాండింగ్ మందు కాదు. రంగు మారిన పన్నుకి, సగానికి పైగా పోయిన పన్నుకి పింగాణీనే నయం అని నా అనుభవం.

ఇంకో మాట, అన్నం తినే అలవాట్లు కూడా చూసుకోవాలి. మా ఇంట్లో సకినాలు, గారెలు, మటన్ బొక్కలు లేకుండా పండగ జరగదు. మా తమ్ముడికి బాండింగ్ చేసిన పన్నుతో జామకాయ కొరికితే ఆ ముక్క ఊడి చేతిలోకి వచ్చింది. డాక్టర్ దగ్గరికి పోతే అరగంటలో మళ్లీ వేశారు, అది వేరే సంగతి.

బెజవాడ డెంటిస్ట్

సాయి గారు చెప్పింది నిజం. నల్లబడిన పన్ను మీద పలుచటి కాంపోజిట్ పొర ఆ రంగుని కప్పలేదు. అయితే క్యాప్‌కి వెళ్లే ముందు ఇంకో దారి ఉంది. రూట్ కెనాల్ అయిన పన్నుకి వెనక నుంచి మందు పెట్టి లోపలి నుంచే తెల్లబరచవచ్చు, చాలా కేసుల్లో రంగు బాగా తగ్గుతుంది, అప్పుడు బాండింగ్ సరిపోతుంది. పన్ను సగానికి పైగా పోయి ఉంటే మాత్రం క్యాపే సరైనది, అందులో నాకు వేరే మాట లేదు. తమ్ముడు గారి విషయంలో మీరు వేరే సంగతి అన్నారు గానీ నాకు అదే ముఖ్యం. కాంపోజిట్ విరిగితే విరిగినంత మేర మళ్లీ వేయవచ్చు. పింగాణీ పగిలితే చాలాసార్లు మొత్తం మార్చాలి.

అక్కా, సందు గురించి అడిగారు. ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు అయితే రెండు పళ్ల పక్కలకీ కొంచెం కొంచెం కాంపోజిట్ చేర్చి మూయవచ్చు. ఒక పన్నుకే వేస్తే అది పక్కదానికంటే వెడల్పుగా కనిపిస్తుంది, అందుకే రెండిటికీ సమానంగా పంచాలి. అంతకంటే పెద్ద సందుని కాంపోజిట్‌తో నింపితే పళ్లు పలకల్లా అయిపోతాయి, అప్పుడు క్లిప్పులో, బయటికి కనిపించని అలైనర్లో పెట్టించుకోవడమే మంచిది. సందు చిన్నప్పటి నుంచీ ఉన్నదా, ఈమధ్య పెరుగుతోందా అని కూడా చూసుకోండి. పెరుగుతుంటే చిగుళ్ల జబ్బు ఉందేమో ముందు తేల్చాలి. ఇంకోటి, సందు మూశాక చిగురు దగ్గర దారంతో శుభ్రం చేసుకునే వీలు ఉండేలా చేయాలి. అక్కడ కాంపోజిట్ ముందుకి పొడుచుకొచ్చి ఉంటే తిండి ఇరుక్కుని చిగురు ఎర్రబడుతుంది, రక్తం వస్తుంది. నా దగ్గరికి వచ్చే పాడైన బాండింగుల్లో ఎక్కువ శాతం ఇవే, రంగు మారినవి కాదు.

కంప్యూటర్‌లో చూపించిన ఫొటోకి మనసు పారేసుకోవద్దని చెల్లికి చెప్పండి. దానికంటే మంచి పద్ధతి ఉంది. యాసిడ్, బాండింగ్ ద్రవం ఏదీ పెట్టకుండా ఉత్త కాంపోజిట్‌ని పన్ను మీద ఆకారంగా పెట్టి లైటు వేసి చూపించమనండి. మాక్-అప్ అంటారు. అతుక్కోదు కాబట్టి తర్వాత సులువుగా తీసేయొచ్చు. తన నోట్లో, తన నవ్వులో ఎలా ఉంటుందో అద్దంలో చూసుకోవచ్చు, కిటికీ దగ్గర పగటి వెలుతురులో ఫోన్‌తో ఫొటో తీసుకోవచ్చు. సందు మూసింది బాగుందో, ఉంచిందే బాగుందో తనే తేల్చుకుంటుంది. చాలామంది అద్దంలో చూశాక సందు వదిలేయమంటారు, నిజంగా.

పళ్లు తెల్లబరుచుకోవాలని ఉంటే అది ముందే చేయాలి. కాంపోజిట్ వేసినప్పటి షేడ్ కంటే తెల్లగా మారదు, బ్లీచింగ్ దాని మీద పనిచేయదు. బాండింగ్ అయ్యాక పళ్లు తెల్లబరిస్తే చుట్టూ పళ్లు తెల్లగా, ఆ ముక్క ఒక్కటే పచ్చగా మిగిలిపోతుంది. బ్లీచింగ్ తర్వాత కూడా కనీసం రెండు వారాలు ఆగాలి, ఎందుకంటే ఎనామిల్‌లో మిగిలిన ఆక్సిజన్ కాంపోజిట్‌ని సరిగ్గా గట్టిపడనివ్వదు, పట్టు తగ్గుతుంది. క్లీనింగ్ చేయించి, చిగుళ్లు నెమ్మదించాక, బ్లీచింగ్, ఆగడం, తర్వాత బాండింగ్. ముహూర్తం పెట్టుకున్నాక వచ్చి రేపటికల్లా అన్నీ చేసేయమనే వాళ్లకి ఇది చెప్పలేక నలిగిపోతుంటాం.

ఎన్నాళ్లు వస్తుందంటే, నాలుగైదేళ్ల నుంచి ఏడెనిమిదేళ్లు అని చెబుతాను. జాగ్రత్తగా ఉంటే పదేళ్లు దాటినవీ చూశాను. టీ, కాఫీ, పసుపు కూరలు మానేయమని నేను అనను, మన ఇళ్లలో అది జరిగే పని కాదు, తిన్నాక నోరు పుక్కిలిస్తే చాలు. మొదటి రెండు రోజులు మాత్రం కాస్త తగ్గించండి. గుట్కా, పాన్, సిగరెట్ ఉంటే ఏ బాండింగూ తెల్లగా ఉండదు. బొగ్గుపొడి, గరుకు పళ్లపొడి వాడకూడదు, అవి పాలిష్‌ని గీకేస్తాయి, గీకిన చోట గార పట్టేస్తుంది. క్లోర్‌హెక్సిడిన్ ఉన్న మౌత్‌వాష్ డాక్టర్ చెప్పనిదే నెలల తరబడి వాడొద్దు, గోధుమ మరక వేస్తుంది. గోళ్లు కొరకడం, ప్యాకెట్లు పళ్లతో చింపడం, చెరకు ముందు పళ్లతో ఒలవడం పూర్తిగా మానేయాలి. జామకాయ కోసుకుని తినాలి. రూమ్మేట్ గనక పళ్లు నూరుతోంది అని చెబితే, బాండింగ్‌తో పాటు రాత్రి పెట్టుకునే నైట్ గార్డ్ కూడా చేయించండి.

మణికొండ మమత

డాక్టర్ గారూ, మధ్యలో ఒక ప్రశ్న. మా పాపకి తొమ్మిదేళ్లు, నిన్న సైకిల్ మీద నుంచి పడి కొత్తగా వచ్చిన ముందు పన్ను విరిగింది. విరిగిన ముక్క దొరికింది, దాచాను. అది పనికొస్తుందా?

బెజవాడ డెంటిస్ట్

పనికొస్తుందండీ, పారేయకండి. ఆరిపోకుండా నీళ్లలోనో, సెలైన్‌లోనో వేసి ఈరోజే తీసుకెళ్లండి. ముక్క సరిగ్గా కూర్చుంటే దాన్నే బాండింగ్‌తో తిరిగి అతికించవచ్చు, తన పన్ను రంగే కాబట్టి షేడ్ గొడవ ఉండదు. విరిగిన చోట ఎర్రటి చుక్క కనిపిస్తోందా చూడండి, కనిపిస్తే నరం బయటపడిందని అర్థం, అప్పుడు గంటలు కూడా ఆలస్యం చేయొద్దు. చిన్నపిల్లలకి వేరు ఇంకా పూర్తిగా తయారవ్వదు కాబట్టి నరాన్ని కాపాడటం చాలా ముఖ్యం. పెదవి వాచి ఉంటే అందులో పన్ను ముక్క ఏమైనా ఇరుక్కుందేమో కూడా చూడమని చెప్పండి. తర్వాత కూడా కొన్ని నెలలకోసారి చెకప్‌కి తీసుకెళ్లాలి, కాకినాడ అక్క వాళ్ల ఇంట్లో లాగా నొప్పి లేదు కదా అని ఆగిపోవద్దు.

మణికొండ మమత

వెంటనే బయలుదేరుతున్నాం, థ్యాంక్యూ సార్. ఎర్ర చుక్క లేదు, పచ్చగా ఉంది, చల్లనీళ్లు తాగితే జివ్వుమంటోంది అంటోంది.

కాకినాడ అక్క

అందరికీ అప్‌డేట్. చెల్లి సెలవుకి వచ్చింది, రెండో క్లినిక్‌కే మళ్లీ తీసుకెళ్లాం. నేను ఎక్స్-రే అడగగానే ఆ డాక్టర్ గారు ఏమీ అనుకోకుండా తీశారు, వేరు చివర బాగానే ఉంది. చల్లటి దూది పెట్టి చూస్తే పక్క పన్నులాగే స్పందించింది, నరం బతికే ఉంది. కొరుకుడు కూడా చూశారు, కింది పన్ను ఆ మూలకి నేరుగా తగలడం లేదట. రూమ్మేట్‌ని అడిగితే నూరడం ఏమీ లేదంది.

మాక్-అప్ అడిగాం. మూల ఒక్కటే వేసి ఒకసారి, సందు కూడా మూసి ఒకసారి చూపించారు. సందు మూశాక చెల్లి అద్దంలో చాలాసేపు చూసుకుని, ఇది నేను కాదు అంది. సందు ఉంచేయమంది! అమ్మమ్మకి ఫోన్ చేసి చెబితే ఆవిడ ఆనందం అంతా ఇంతా కాదు. ఇప్పుడు మూల ఒక్కటే చేయిస్తున్నాం. ముందు క్లీనింగ్ అయ్యింది, బ్లీచింగ్ వద్దు అనుకుంది, వచ్చే శనివారం బాండింగ్. నాన్నకి మీ పోస్టు చదివి వినిపించాను, ఎనామిల్ మళ్లీ పెరగదు అన్న దగ్గర ఆయనే ఇక చాల్లే, వెనీర్లు వద్దు అన్నారు.

డాక్టర్ గారూ, చేయించాక పాలిష్‌కి ఎన్నాళ్లకి వెళ్లాలి?

బెజవాడ డెంటిస్ట్

చాలా సంతోషం అండీ. చేసిన వారం పది రోజులకి ఒకసారి వెళ్లి అంచులు, కొరుకుడు చూపించుకోండి, అప్పుడే ఫైనల్ పాలిష్ చేస్తారు. తర్వాత ఆరు నెలలకోసారి మామూలు చెకప్‌కి వెళ్లినప్పుడు చూస్తే చాలు, మెరుపు తగ్గితే అప్పుడు పాలిష్ చేస్తారు. ఏడాదికోసారి ఆ పన్నుకి నరం పరీక్ష కూడా చేయించండి, పాత దెబ్బ కదా. ఏ షేడ్ కాంపోజిట్ వాడారో శనివారం ప్రిస్క్రిప్షన్ మీద రాయించుకుని దాచండి. రేపు తను ఏ ఊళ్లో ఉన్నా, ముక్క ఊడితే అక్కడి డాక్టర్‌కి అది చూపిస్తే పని సులువవుతుంది.